మిస్ వర్డీ స్కోపుకి శుక్లం

టర్కీ స్లౌ వేట క్లబ్బు క్యాంపులో పొయ్యి వెనక గోడ మీద హెర్షెల్ చొక్కా తోకలు మూడు వేలాడుతున్నాయి. ఆ గోడంతా తోకలే, కాదనను. కానీ వరసగా మూడేళ్ళు మూడు తోకలు సమర్పించుకున్న ఘనుడు మాత్రం అతనొక్కడే.

తోకంటే చొక్కా వెనక కిందికి వేలాడే భాగం. జింక మీద తూటా పేల్చి గురి తప్పినవాణ్ణి సాయంత్రం అందరి ముందూ నిలబెట్టి, ఒంటి మీదున్న చొక్కాకి ఆ భాగం కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతారు. అలబామా దక్షిణాన ఈ ఏటి ఒడ్డు అడవుల్లో తాతల నాటి నుంచీ ఉన్న ఆచారం ఇది. దీనికి మినహాయింపుల్లేవు. పాస్టరుగారి తోక కూడా అక్కడుంది, ఇస్త్రీ మడతతో సహా. అందుకే వేటకి మంచి చొక్కా వేసుకొచ్చే మనిషి ఆ చుట్టుపక్కల కనిపించడు.

కత్తిరించేది మిస్ వర్డీ. ఆవిడ హెర్షెల్‌కి సాక్షాత్తూ అత్తగారు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ మిస్ వర్డీయే, పెళ్ళై ముప్ఫై ఏళ్ళు దాటినా హెర్షెల్‌కీ మిస్ వర్డీయే. నోరారా అత్తయ్యా అని పిలిచే చనువు ఆవిడ ఇవ్వలేదు, అతను తీసుకోలేదు. భర్త క్లైడ్ పోయాక క్లబ్బు పెత్తనమూ, కత్తెరా రెండూ ఆవిడ చేతికొచ్చాయి. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, అల్లుడని మొహమాటపడే రకం కాదు. మిగతావాళ్ళకి జానెడు కత్తిరిస్తే హెర్షెల్‌కి నడుము దాటించి కత్తిరించేది. ఇదేం న్యాయమని అడిగితే, "మా అమ్మాయి కొన్న చొక్కా, నాకు హక్కుంది" అనేది.

గోడ మీద ఆవిడ తోక మాత్రం లేదు. చూసి పేలుస్తుంది, పేల్చిందంటే పడాల్సిందే. పైగా క్లైడ్ చనిపోయిన ఏడాది నలుగురి ముందూ ఒక మాట అనేసింది. "నా తోక ఈ గోడెక్కిన రోజున తుపాకీ దించేస్తాను. కుర్చీలో కూర్చుని టీవీ చూసుకుంటాను" అని. ఆవిడ అన్నదంటే అన్నదే. సిగరెట్లు మానేస్తానన్న పూటే మానేసింది. చెల్లెలితో మాట్లాడనని చెప్పి, ఆ చెల్లెలు వచ్చి కాళ్ళా వేళ్ళా పడేదాకా మాట్లాడలేదు.

అలాంటి మనిషి అక్టోబరులో ఒక ఆదివారం హెర్షెల్ ఇంట్లో భోజనాల దగ్గర, మెత్తటి రొట్టెలాంటి బిస్కెట్టు మీద చెరుకు పాకం పోసుకుంటూ చల్లగా చెప్పింది.

"క్లైడ్ స్కోపుకి శుక్లం వచ్చింది."

హెర్షెల్ భార్య నెల్డా గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "స్కోపుకి శుక్లమేంటమ్మా?"

"మసక. అంతా పాలు పోసినట్టుంది. మీ నాన్న కాలం నుంచీ చేస్తోంది పాపం, దానికీ వయసు మళ్ళదా. వేట సీజను మొదలయ్యేలోగా కొత్తది చూడాలి."

హెర్షెల్ భోజనం ముగించి, మూల నిలబెట్టిన ఆవిడ తుపాకీ అందుకుని వరండాలోకి వెళ్ళాడు. తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, తుపాకీ మీద గురి చూసే దుర్భిణిని, అదే ఆ స్కోపుని, దొడ్డి చివర పైన్ చెట్ల వైపు పెట్టి చూశాడు. వడ్రంగిపిట్ట ఒకటి కనిపించింది. దాని ఎర్ర తలా, అది పొడుస్తుంటే రాలుతున్న బెరడు పొట్టూ కూడా కనిపించాయి. అద్దం కడిగిన ముత్యంలా ఉంది. హెర్షెల్ కాసేపు అలాగే చూసి, తుపాకీ లోపల పెట్టి వంటింట్లోకి వెళ్ళాడు.

"స్కోపు బాగానే ఉంది," అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు తెలుసు," అంది నెల్డా గిన్నెలు తోముతూ. "ఆ మధ్య మా ఇద్దరికీ మొక్కజొన్న జావ కాస్తే, ఉప్పనుకుని పంచదార పోసుకుంది. పోసుకుని, ఇలాగే బాగుందని గిన్నె ఖాళీ చేసింది. కంటి డాక్టరు పేరెత్తినందుకు రెండు వారాలు నాతో మాటల్లేవు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"మంచి స్కోపు తెచ్చిపెట్టు. ఈ ఒక్క సీజను గట్టెక్కించు. తర్వాత సంగతి నేను చూసుకుంటాను."

"గట్టెక్కకపోతే?"

"తుపాకీ దించేస్తుంది. దించేసి ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే నేను చూస్తూ ఊరుకోలేను. ఇక్కడికే తెచ్చేసుకుంటాను." నెల్డా తడి చేత్తో హాల్లోకి చూపించింది. టీవీ ఎదురుగా హెర్షెల్ పడక కుర్చీ ఉంది. చేతులు ఆనించే చోట తోలు అరిగిపోయిన, అతని ఒంటికి అచ్చు దిగినట్టున్న కుర్చీ. "అందులో కూర్చుంటుంది."

హెర్షెల్‌కి వెన్నులోంచి చలి పుట్టుకొచ్చింది. మర్నాడే తుపాకుల కొట్టుకి బయల్దేరాడు.

రమ్మనకుండానే బావమరిది వెండెల్ కూడా వచ్చి బండెక్కాడు. ఒళ్ళో ఉడకబెట్టిన వేరుశనక్కాయల సంచీ. వెండెల్‌కి తుపాకుల గురించి తెలియనిది లేదు, అని వెండెల్ నమ్మకం. కుడి కనుబొమ మీద నెలవంక ఆకారంలో మచ్చ ఒకటుంది అతనికి. స్కోపుకి కన్ను మరీ దగ్గరగా పెట్టి పేలిస్తే తుపాకీ వెనక్కి తన్ని వేసిన ముద్ర అది. ఆ మచ్చ ఎలుగుబంటితో పెనుగులాటలో వచ్చిందని బయటి ఊళ్ళలో చెప్పుకుంటాడు.

కొట్టు యజమాని లామర్ స్కోపుల అర తెరిచాడో లేదో, వెండెల్ అందులోంచి సొరకాయంత స్కోపు ఒకటి రెండు చేతులా బయటికి లాగాడు.

"ఇది తీసుకో బావా. ఇరవై నాలుగు రెట్లు. చందమామ మీద గుంటలు కూడా కనిపిస్తాయి."

"మీ అమ్మ చందమామని వేటాడదురా," అన్నాడు హెర్షెల్.

లామర్ ఆ సొరకాయని వెండెల్ చేతుల్లోంచి మెల్లగా విడిపించి పక్కన పెట్టాడు. "ముందు ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో చెప్పండి. చెయ్యి చూడందే మందివ్వను నేను."

హెర్షెల్ వెండెల్ సంచీలోంచి గుప్పెడు కాయలు తీసి గాజు బల్ల మీద పటం వేశాడు. మధ్యలో ఒక కాయ, అది మంచె. క్లైడ్ కట్టిన మంచె, నాలుగే మెట్లు, మీద రేకు. వెనక చిత్తడి అడవి. అక్కడి పొదల్లోంచి జింక వచ్చిందంటే చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చాకే కనిపిస్తుంది. ముందు సోయా చేను, ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర వినపడదు. ఎడమవైపు పైన్ తోపు, వరసల మధ్యనుంచి తొంగిచూడాలి. కుడివైపు కరెంటు లైను కింద నరికిన దారి, ఎత్తుపల్లాలుగా కనుచూపు మేర పోతుంది.

"ఒక్క మంచెకి నాలుగు రకాల నేల," అన్నాడు లామర్. "క్లైడ్‌గారు జింకల్ని కాదు, నాలాంటివాళ్ళని చంపడానికి కట్టినట్టున్నారు. ఇదేంటి, పైన్ తోపు ఏమైంది?"

పైన్ తోపు వెండెల్ నోట్లో ఉంది. అతను తొక్క ఉమ్మేసి, "కానివ్వండి, నేను వింటున్నాను" అన్నాడు.

ఇక లామర్ మొదలుపెట్టాడు. లామర్ మాట్లాడటం మొదలుపెడితే మధ్యలో ఇంటికెళ్ళి అన్నం తినొచ్చినా నష్టం లేదు. చేను అవతలి గట్టు కోసం ఎక్కువ రెట్లు కావాలి, నిజమే. కానీ రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గుతుంది. చిత్తడిలోంచి దగ్గరికొచ్చినదాని కోసం రెట్లు తక్కువుండాలి. ముందు అద్దం పెద్దదైతే సందె వెలుతురులో మేలే. కానీ మరీ పెద్దదైతే తుపాకీ మీద ఎత్తుగా కూర్చుంటుంది, చెంప ఆనించడానికి చోటుండదు. ఇక కంటికీ స్కోపుకీ మధ్య ఎడం చాలకపోతే ఏమవుతుందో చెబుతూ వెండెల్ కనుబొమ వైపు చూశాడు.

"అది ఎలుగుబంటి," అన్నాడు వెండెల్.

"ఆ ఎలుగుబంటిని నేనే అమ్మాను నీకు," అన్నాడు లామర్.

చివరికి రెండు స్కోపులు మిగిలాయి. రెండూ మూడు రెట్ల నుంచి పదిహేను రెట్ల దాకా వెళ్ళేవే. మధ్యలో రింగు తిప్పితే పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. ఒకదానిలో గురి గీతలు వెంట్రుకంత సన్నం, చూడ్డానికి మహా నాజూగ్గా ఉన్నాయి. రెండోదానిలో అగ్గిపుల్లల్లా మోటుగా ఉన్నాయి. బొత్తాం నొక్కితే మధ్యలో చిన్న ఎర్ర చుక్క వెలుగుతుంది.

"ఆవిడ చూపెలా ఉంది?" అని అడిగాడు లామర్.

వెండెల్ నమలడం ఆపాడు. హెర్షెల్ గొంతు సవరించుకున్నాడు.

"చూపుకేం, దివ్యంగా ఉంది. పాత స్కోపుకే కొంచెం శుక్లం వచ్చింది."

"ఓహో," అన్నాడు లామర్ నవ్వకుండా. "ఈ మధ్య ఈ ఊళ్ళో చాలా స్కోపులకి వస్తోంది అది." అని అగ్గిపుల్లల గీతలున్నదాన్ని ముందుకి జరిపాడు.

ఇక్కడ హెర్షెల్ మనసులో జరిగింది కూడా చెప్పాలి. సన్న గీతల స్కోపు అతని చేతిలోనే ఉంది. దీన్ని తీసుకెళ్ళి ఇస్తే చాలు, ఇంకేం చెయ్యనక్కర్లేదు. సందె వెలుతురులో ఆవిడకి ఆ గీతలు కనిపించవు. కత్తెర వెండెల్ చేతికొస్తుంది. గోడ మీద తన మూడు తోకల పక్కన మిస్ వర్డీ తోక. తలుచుకుంటే నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టుంది. నడుము దాకా కత్తిరించిన మూడు చొక్కాలూ, కత్తిరించాక నవంబరు చలిలో వీపుకి తగిలిన గాలీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

దాని వెనకే ఇంకోటీ గుర్తొచ్చింది. క్లైడ్ పోయాక ఆర్నెల్లు ఆవిడ ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడలేదు. ఆ నవంబరులో ఒక పొద్దున మంచె దిగి, మంచుకి ఎర్రబడ్డ ముక్కుతో, టోపీ నిండా ఆకులతో క్యాంపులోకి వచ్చి, ఉడుత ఒకటి తన బిస్కెట్టు ఎత్తుకుపోయిందని చెప్పి పడీ పడీ నవ్వింది. నెల్డా ఆ నవ్వు విని వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది. ఆ మంచె లేకపోతే ఈ మనిషికి ఏమీ లేదని హెర్షెల్‌కి ఆ రోజే తెలిసింది. సిగ్గేసి సన్న గీతలదాన్ని అరలో పెట్టేశాడు.

"ఇదే ఇవ్వు," అన్నాడు.

శనివారం వెండెల్ పచ్చిక బీడులో గురి సరిచూశారు. హెర్షెల్ బడి బస్సులు బాగుచేసే మెకానిక్కు, చేతులు శుభ్రంగా పనిచేస్తాయి. మరలు సమంగా బిగించి, మట్టి గట్టుకి కాగితం అతికించి, కాగితం మీద చిల్లులు స్పష్టంగా కనపడాలని రింగు పదిహేనుకి తిప్పి, ఒక్కొక్కటే పేల్చాడు. చివరి మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. తన జన్మలో అంత చక్కగా పేల్చింది లేదు. వెండెల్‌ని పిలిచి చూపించాడు, వెండెల్ భార్యని పిలిచి చూపించాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ ఉత్సాహంలోనే తుపాకీ తుడిచి, సంచీలో పెట్టి, జిప్పు లాగేసి, తిన్నగా మిస్ వర్డీ ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆవిడ వరండాలో నిలబడి తుపాకీ భుజానికెత్తి, వాగు అవతల గుట్ట మీదున్న ఓక్ మోడు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఆ మోడు మీద రాబందు ఉంది," అంది. "రెక్క కింద పొడుచుకుంటోంది. పేలు పట్టాయేమో." గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం వచ్చింది. "చెప్పానుగా, స్కోపుదే తప్పని."

"ఈ రింగు ఉంది చూశారూ మిస్ వర్డీ, దగ్గరవాటికి దీన్ని ఇలా..."

"హెర్షెల్, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి జింకల్ని కొడుతున్నాను. మూడు తోకలవాడివి, నువ్వు నాకు పాఠం చెబుతున్నావా?"

హెర్షెల్ నోరు మూసుకున్నాడు. క్లైడ్ స్కోపుకి రింగూ లేదు, తిప్పుడూ లేదు, పెట్టి చూడ్డమే. ఆ సంగతి అప్పుడు గుర్తుకు రావాల్సింది, రాలేదు.

సీజను మొదటి పొద్దున ఏటి మీంచి పొగమంచు లేచింది. హెర్షెల్ ఈసారి అసలు తుపాకీ పేల్చకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చాడు. పేలిస్తేగా తప్పేది. ఆ ధైర్యంతోనే నెల్డా పుట్టినరోజుకి కొనిచ్చిన కొత్త గళ్ళ చొక్కా వేసుకున్నాడు. తన మంచె మీద హాయిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెల్లవారి, సోయా చేను మీద వెలుగు పడుతుండగా, మిస్ వర్డీ మంచె వైపు నుంచి ఒక్క తూటా చప్పుడైంది.

జింక పడితే ఆవిడ మూడు ఈలలు వేస్తుంది. హెర్షెల్ చెవులు రిక్కించి కూర్చున్నాడు. కాకి అరిచింది. ఈల రాలేదు. ఇంకాసేపు చూసి, మంచె దిగి గట్టు వెంట గబగబా నడిచాడు.

మిస్ వర్డీ కింది మెట్టు మీద కూర్చుని ఉంది. తుపాకీ మోకాళ్ళ మీద అడ్డంగా ఉంది. ఎదురుగా చిత్తడి అంచున ఉన్న సైప్రస్ చెట్టు బెరడు చిట్లి తెల్లటి చెక్క బయటపడింది.

"అక్కడ నిలబడింది," అందావిడ ఆ చెట్టు ముందున్న చోటు చూపించి. ఇద్దరు మనుషులు పడుకుంటే సరిపోయేంత దూరం. "కొమ్ముల దుప్పి. ఆ కొమ్ములు మామూలు కళ్ళతోనే చూశాను, వాకిలంత ఉన్నాయి. స్కోపులో పెట్టి చూస్తే..." ఆగింది. "ఒట్టి గోధుమరంగు. ఇంకేమీ లేదు."

హెర్షెల్ చిట్లిన చెట్టు వైపు చూశాడు.

"అయినా రక్తం చుక్కలుంటాయేమో చూడాలి. వదిలేసి పోకూడదు," అని ఆవిడ తుపాకీ మెట్టు మీద పెట్టి, వంగి ఆకులు తడుముకుంటూ పొదల్లోకి వెళ్ళింది. నిజానికి ఆ వయసులో అంత వంగి వెతికినా ఆవిడకి ఏమీ కనిపించదని హెర్షెల్‌కి తెలుసు. తుపాకీ ఖాళీ చేద్దామని చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు రింగు మీద పడ్డాయి.

పదిహేను.

వెండెల్ బీడూ, మూడు చిల్లులూ, జేబులో మడిచిన కాగితం అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. పదిహేను రెట్లలో అంత దగ్గరి దుప్పిని చూస్తే దాని వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు గానీ, అది ముందో వెనకో దేవుడికి కూడా తెలియదు. తప్పింది ఆవిడ గురి కాదు, తన తెలివి. పొదల్లో ఆవిడ అటు తిరిగి ఉంది. హెర్షెల్ వేళ్ళు అతన్ని అడగకుండానే రింగుని మూడుకి తిప్పేశాయి.

రోజంతా అతనికి ముద్ద దిగలేదు. చెబుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళి, రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి వచ్చాడు.

సాయంత్రం పొయ్యి మీద పెద్ద గుండిగలో మాంసం, మొక్కజొన్న, టమాటా పులుసు ఉడుకుతోంది. క్లబ్బు మనుషులంతా చేరారు గానీ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మిస్ వర్డీ లేచి, నారింజ రంగు వేటకోటు విప్పి కుర్చీకి తగిలించి, కత్తెర వెండెల్ చేతిలో పెట్టి, అందరికీ వీపు చూపించి నిలబడింది. నీలం ఫ్లానెల్ చొక్కా. అది క్లైడ్‌ది.

"కత్తిరించు," అంది.

"అమ్మా, ఈ ఒక్కసారికి..."

"పాస్టరుగారికి లేని ఒక్కసారి నాకెక్కడిది? కత్తిరించు. ఇక మీదట కత్తెర నీది. తుపాకీ నెల్డాకి ఇచ్చేయండి. నా కళ్ళు అయిపోయాయి, వాటి పని అవి చేశాయి." గొంతు వణకలేదు గానీ మెడ వెనక తెల్ల వెంట్రుకలు వణికాయి. వెండెల్ కత్తెర తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

ఊరుకుంటే అయిపోయేది. మూడు తోకలకీ బదులు తీరేది, రింగు సంగతి ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆవిడ తన కళ్ళని తిట్టుకుంటూ అలా నిలబడటం హెర్షెల్ చూడలేకపోయాడు. నెల్డా మొహం గుర్తొచ్చింది, లేచి నిలబడ్డాడు.

"ఆగరా వెండెల్. పొద్దున రింగు పదిహేను మీద ఉంది."

అందరూ అతని వైపు తిరిగారు. మిస్ వర్డీ మాత్రం తిరగలేదు.

"గురి సరిచూసేటప్పుడు పదిహేనుకి తిప్పాను. తగ్గించడం మర్చిపోయి అలాగే ఇచ్చేశాను. దాంట్లో అంత దగ్గరిది ఎవరికీ కనిపించదు. ఆవిడ కళ్ళ తప్పు కాదు."

వెండెల్ మూలకి వెళ్ళి తుపాకీ చూసి వచ్చాడు. "మూడు మీదే ఉంది కదా బావా."

"పొద్దున నేనే తిప్పాను."

"ఎందుకు?"

హెర్షెల్ నేల చూపులు చూశాడు. "భయమేసి."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, క్యాంపంతా గొల్లుమంది. ఇక పంచాయితీ మొదలైంది. తుపాకీ ఆవిడది, మీట మీద వేలు ఆవిడది, కాబట్టి తోకా ఆవిడదే అన్నారు కొందరు. తాగి బండి నడిపితే బండికి జరిమానా వేస్తారా అన్నారు ఇంకొందరు, దానికీ దీనికీ సంబంధమేమిటో చెప్పకుండానే. చివరికి అందరూ పాస్టరుగారి వైపు చూశారు. ఆయన పులుసు గిన్నె కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"తప్పు చేసినవాడూ, దాచినవాడూ, ఒప్పుకున్నవాడూ ఒక్కడే అయినప్పుడు నాకు పని తేలిక. తోక హెర్షెల్‌ది."

మిస్ వర్డీ అప్పుడు తిరిగింది. అల్లుడి వైపు ఎగాదిగా చూసింది. ఆ చూపులో ఏముందో అతనికి అంతుపట్టలేదు. వెండెల్ చేతిలోంచి కత్తెర లాక్కుంది.

"ఇటు తిరుగు," అంది.

ఈసారి నడుము దగ్గర ఆగలేదు. కత్తెర చల్లగా వెన్ను పొడవునా పాకి మెడపట్టీ దగ్గర ఆగింది. కొత్త చొక్కా వెనకభాగం మొత్తం తెరచాపలా చేతిలోకి వచ్చింది. టర్కీ స్లౌ క్లబ్బు పుట్టాక తుపాకీ పేల్చకుండా తోక పోగొట్టుకున్న మొదటివాడు హెర్షెల్. ఆ మాట కూడా పేరు కింద రాయించారు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచి, దుప్పటి కప్పుకుని కాఫీ పెట్టడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. గోడ మీద తన నాలుగో తోక తళతళలాడుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే, అదే మేకుకి, దాని వెనక నక్కినట్టు, నీలం ఫ్లానెల్ పీలిక ఒకటి వేలాడుతోంది. పేరు లేదు, ఏమీ లేదు.

"ఏం చూస్తున్నావ్?"

మిస్ వర్డీ చీకటి మూల బల్ల దగ్గర బూట్లు తొడుక్కుని కూర్చునుంది.

"ఇదేంటి మిస్ వర్డీ?"

"మెల్లగా మాట్లాడు, వెండెల్ లేస్తాడు." ఆవిడ బూటు తాడు బిగించింది. "రింగు నీది, నువ్వు ఒప్పుకున్నావు. కానీ ఏమీ కనిపించనప్పుడు ఎవరైనా ఏం చెయ్యాలి? తుపాకీ దించాలి. నేను పేల్చాను. గురి తప్పడం కంటే పెద్ద తప్పు అది. క్లైడ్ ఉంటే వారం రోజులు నాతో మాట్లాడేవాడు కాదు."

"ఎందుకు పేల్చారు మరి?"

"కళ్ళు పోయాయనుకున్నాను. రింగు మాట మనసుకి తట్టనే లేదు. పోయాయని మీ అందరికీ తెలిసేలోగా ఇంకొక్కదాన్ని కొట్టేద్దామనుకున్నాను." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "సోమవారం నీకు బస్సుల పని లేదుగా. నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. శుక్లం వచ్చింది స్కోపుకి కాదు. నెల్డాకి నేనే చెబుతాను. నువ్వు ముందే చెప్పావో, ఈసారి కత్తెర చొక్కాతో ఆగదు."

హెర్షెల్ తల ఊపాడు. గోడ వైపు చూపించాడు. "మరి తుపాకీ? మీ తోక గోడెక్కింది కదా."

"అది తోకా? బొటనవేలంత లేదు. తోకంటే నీది, ఏకంగా దుప్పటి."

"అలాగే అత్తయ్యా."

మాట నోరు జారాక గానీ అతనికి తెలియలేదు. క్యాంపులో వెండెల్ గురక ఒక్కటే వినిపిస్తోంది. ఆవిడ టోపీ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తలకి పెట్టుకుంది.

"రింగు ఎంత మీద ఉంది?" అనడిగింది.

"మూడు మీద."

"నీ మాట కాదు. చూసి చెప్పు."

హెర్షెల్ దుప్పటి బిగించుకుని మూలకి వెళ్ళి, తుపాకీ వెలుగు దగ్గరికి తెచ్చి చూశాడు. మూడు మీదే ఉంది.